రైట్ అన్నాక వెనక్కి చూడకూడదు

ఉదయం ఆరున్నరకి బయల్దేరితే పదకొండింటికల్లా చేరిపోతామని హడావిడి లెక్క వేశాడు. లాడ్జి గదిలో దొరికిన పాత క్యాలెండరు కాగితం వెనక ఆ లెక్కని స్టేజీల వారీగా రాశాడు కూడా. మొదటి స్టేజి టీ, రెండో స్టేజి టిఫిను, మూడో స్టేజి పెట్రోలు, ఆఖరి స్టేజి అమ్మాయి. పంతొమ్మిదేళ్ళుగా బస్సు కండక్టరుగా చేస్తున్న మనిషికి ఏ పనైనా స్టేజీలు కడితేనే అర్థమవుతుంది. హడావిడి అన్నది డిపోలో తోటివాళ్ళు పెట్టిన పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

"ఐదింటి బస్సుకి పదకొండింటికే పోయి ఏం చేస్తాంరా?" అన్నాడు అతని స్నేహితుడు, మంచం మీద కూచుని బూటు లేసు కట్టుకుంటూ.

"ముందుగా పోతే నష్టం ఏముంది? నువ్వు తొందరగా కట్టు."

"తొందరగా కడితే తొందరగా ఊడిపోతుంది."

ఈయన పేరు నిదానం. ఇదీ డిపో వాళ్ళు పెట్టిందే. అదే బస్సుకి, అదే పంతొమ్మిదేళ్ళూ డ్రైవరు. మామూలుగా మాట తక్కువ. క్లచ్ గురించో గేర్ల గురించో మొదలుపెడితే మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు. ఇద్దరూ సెలవు పెట్టి, నిదానం మోటార్ సైకిలు మీద మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నారు. "హాయిగా బస్సులో పోవచ్చుగా?" అని ఇంట్లోవాళ్ళు అడిగితే, "సెలవు రోజున కూడా బస్సేనా?" అని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. ఇవాళ మూడో రోజు. ఇంకా నూట ఎనభై కిలోమీటర్లు ఉంది.

అమ్మాయి అంటే హడావిడి ఒక్కగానొక్క కూతురు. ఆ సాయంత్రం ఐదు గంటలకి, వీళ్ళు చేరాల్సిన మహానగరంలో, ఆమె మొట్టమొదటిసారి బస్సు నడపబోతోంది. డిపో వెనక ఖాళీ జాగాలో ఆమెకి స్టీరింగు పట్టడం నేర్పింది నిదానమే. నాన్న నేర్పితే అరుస్తాడని ఆ పిల్ల మామయ్య దగ్గరే నేర్చుకుంది. అంతా బాగానే ఉంది గానీ ఒక్కటే లోటు. ఆ నగరంలో బస్సులకి కండక్టర్లు లేరు. తలుపు పక్కన ఒక పెట్టె ఉంటుందట, ఎక్కినవాళ్ళు దానికి కార్డు చూపిస్తే అది కుయ్యిమంటుందట. ఆ సంగతి విన్న రోజు హడావిడి భోజనం చేయలేదు.

"అయితే నా కూతురికి రైట్ ఎవరు చెప్తారు?" అన్నాడు.

"నువ్వే వచ్చి చెప్పు నాన్నా. నువ్వు చెప్పందే బండి కదపను," అంది అమ్మాయి ఫోనులో. ఆమె నవ్వుతూనే అంది. హడావిడి నవ్వలేదు. ఆ పూటే సెలవు చీటీ రాసిచ్చేశాడు.

రైట్ అన్నది బస్సెక్కిన ప్రతివాళ్ళూ విన్న మాటే. కండక్టరు "హోల్డాన్" అంటే ఆగాలి, "రైట్" అంటే కదలాలి, "రైట్ రైట్" అని రేకు మీద రెండు దెబ్బలు వేస్తే ఇంక ఎవరి కోసమూ చూడకుండా లాగించాలి. నిదానానికి మాత్రం అది ఉత్త మాట కాదు, ఒట్టు. రైట్ అన్నారంటే ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు, వెనక అంతా సర్దుకుంది అని. ఆ తర్వాత కూడా డ్రైవరు తల తిప్పి చూశాడంటే కండక్టరుని నమ్మనట్టే, పచ్చిగా చెప్పాలంటే అవమానించినట్టే. పంతొమ్మిదేళ్ళలో నిదానం ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. మోటార్ సైకిలుకి అద్దాలు ఎప్పుడో విరిగిపోతే, వెనక్కి చూసే పనేముందని మళ్ళీ పెట్టించలేదు.

ముప్ఫై కిలోమీటర్లు వచ్చాక దారి రెండుగా చీలింది. హడావిడి చెవిలో ఫోను దారి చెప్తోంది.

"రైట్!" అన్నాడు హడావిడి.

నిదానం గేరు మార్చి తిన్నగా పోనిచ్చాడు.

"ఒరేయ్, రైట్!"

నిదానం వేగం పెంచాడు.

"రైట్రా బాబూ, రైట్ రైట్!" అని హడావిడి అతని వీపు మీద రెండు చరిచాడు.

ఇవాళ వీడికి ఇంత తొందరేమిటో నిదానానికి అర్థం కాలేదు. అయినా కండక్టరు చెప్పాక తప్పుతుందా? పళ్ళు బిగించి డెబ్బై దాటించాడు. ఆ గాలికి హడావిడి అరుపులన్నీ ఎటో కొట్టుకుపోయాయి. వీపు మీద ఎంత చరిస్తే బండి అంత జోరందుకుంది. చివరికి ఇరవై రెండు కిలోమీటర్ల అవతల రైలు గేటు వేసి ఉండటం వల్ల ఆగారు.

"ఎక్కడికిరా తీసుకుపోతున్నావు? అక్కడ రైట్ అన్నానా లేదా?" హడావిడి దిగి హెల్మెట్ పీకి అరిచాడు.

"అన్నావు. పోయాను."

"రైట్ అంటే కుడి పక్కకి!"

"ఎప్పట్నుంచి?"

హడావిడి కుడి చెయ్యి చాపి గాల్లో చూపించాడు.

"ఇన్నేళ్ళూ నువ్వు రైట్ అన్నప్పుడల్లా నేను కుడి పక్కకి తిప్పుంటే మనం ఏనాడో కాలవలో తేలేవాళ్ళం," అన్నాడు నిదానం. కోపంగా అనలేదు, ఉన్న విషయం చెప్పాడు. బండిని వెనక్కి తిప్పి, స్టార్ట్ చేసి, ముందుకి చూస్తూ కూచున్నాడు. "సరే, ఒక ఒప్పందం. తిరగడానికి కుడి, ఎడమ అను. ఆగడానికి హోల్డాన్. పోవడానికి రైట్. రైట్‌కి ఇంకో అర్థం లేదు. తెలిసిందా?"

"రైట్," అన్నాడు హడావిడి, సీటు మీద వేయడానికి ఒక కాలు ఎత్తి.

బండి వెళ్ళిపోయింది. కాలు గాల్లోనే ఉంది.

"హోల్డాన్!" అని అతను గొంతు చించుకున్నాడు గానీ, సరిగ్గా అప్పుడే రైలు కూత వేసుకుంటూ గేటు దాటింది. నలభై పెట్టెల గూడ్సు. ఆఖరి పెట్టె పోయేసరికి రోడ్డు మీద దుమ్ము కూడా లేదు. ఫోను చేద్దామని సంచిలో చెయ్యి పెడితే ఫోన్లు రెండు దొరికాయి. బండి నడిపేటప్పుడు నిదానం ఫోను దగ్గరుంచుకోడు. అది కండక్టరు సంచిలోనే ఉంటుంది.

అక్కడ నిదానం మాత్రం స్నేహితుణ్ణి ఓదారుస్తున్నాడు. "ఏమనుకోకురా. నువ్వు కుడి పక్కకనే అన్నావేమో, నాకు తట్టలేదు." జవాబు లేదు. కాస్త దూరం పోయాక, అమ్మాయికి క్లచ్ నేర్పిన రోజులు గుర్తు చేశాడు. పెడలు కింద పచ్చి గుడ్డు ఉందనుకుని వదలమంటే, ఆ పిల్ల "గుడ్డు ఎవరు తెస్తారు మామయ్యా?" అని అడిగిన సంగతి చెప్పి తనే నవ్వాడు. అయినా జవాబు లేదు. అలిగాడనుకున్నాడు. అలిగినవాణ్ణి కదపకూడదని నెమ్మదిగా, నలభై మీద పోనిచ్చాడు.

ఈలోగా హడావిడి అటే వచ్చిన పచ్చ బస్సు ఒకటి ఆపి ఎక్కాడు. కాలు పెట్టే చోటు లేదు. మెట్టు మీదే వేలాడుతూ నిలబడ్డాడు. ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక దూరంగా నిదానం గళ్ళ చొక్కా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. తల బయట పెట్టి, శక్తినంతా కూడదీసుకుని, "హోల్డాన్! హోల్డాన్!" అని కేకేశాడు.

గళ్ళ చొక్కా ఆగలేదు. బస్సు ఆగింది.

ఆగడం అంటే మామూలుగా కాదు. నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలారు. ఒక పెద్దావిడ కళ్ళజోడు ఎగిరి పక్కాయన ఒళ్ళో పడింది. ఆ బస్సు కండక్టరు, మెళ్ళో టికెట్ల మిషనుతో ఉన్న భారీ మనిషి, "ఎవరు పడ్డారు? ఎవరు పడ్డారు?" అంటూ కిందికి దూకి, వంగి చక్రాల కింద వెతకడం మొదలుపెట్టాడు.

అవతల గళ్ళ చొక్కా మలుపు తిరిగి మాయమైపోతోంది. హడావిడికి ఇంకేమీ కనిపించలేదు. రేకు మీద ధన్ ధన్ మని రెండు దెబ్బలు వేసి, "రైట్ రైట్!" అన్నాడు.

ఆ డ్రైవరూ వెనక్కి చూసే రకం కాదు. బస్సు కదిలింది. అర కిలోమీటరు పోయాక గానీ హడావిడికి తను చేసిన ఘనకార్యం తలకెక్కలేదు. జనంలోంచి ఈదుకుంటూ డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు.

"ఏమండీ, మీ కండక్టరు కిందే ఉండిపోయారు."

"మరి రైట్ అన్నదెవరు?" డ్రైవరు తల తిప్పకుండా అడిగాడు.

"నేనే."

"అయితే కండక్టరు నువ్వే. రైట్ అన్నవాడే కండక్టరు. ఇప్పటికే ఆరు నిమిషాలు లేటు, ఊళ్ళోకి పోయేదాకా ఆపేది లేదు. పోయి జనాన్ని లోపలికి జరుపు."

హడావిడి వాదించబోయాడు. కానీ వెనక తలుపు దగ్గర జనం గుంపుకట్టి నిలబడి ఉండటం కంటపడింది. అది చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాదు. "జరగండమ్మా, జరగండి! లోపల బోలెడు ఖాళీ ఉంది!" అని మొదలుపెట్టాడు. లోపల చీమ దూరే సందు లేదు. ఖాళీ ఉందనడం వృత్తిధర్మం. ఆ జరపడంలో పడి, ఎదురుగా గళ్ళ చొక్కా ఒకటి వచ్చి దాటిపోవడం అతను చూడలేదు.

నిదానం అలా ఎందుకు వెనక్కి వచ్చాడంటే, చీలిక దగ్గర ఆగి, "కుడా? ఎడమా?" అని అడిగాడు. జవాబు రాలేదు. "ఇంకా అలకేనా? పోనీ వేలితో చూపించరా," అన్నాడు. వేలూ కనిపించలేదు. అప్పుడు నిదానం, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, తల వెనక్కి తిప్పాడు. సీటు ఖాళీగా ఉంది. 'పడిపోయాడా? ఎక్కడ పడ్డాడు? రైట్ అన్నాడు కదా!' అనుకుంటూ బండి తిప్పి, ప్రతి గుంటలోకీ తొంగి చూసుకుంటూ వచ్చాడు. ఖాకీ బట్టల్లో ఒక భారీ మనిషి రోడ్డు పక్కన నడుం మీద చేతులేసుకుని కనిపించాడు.

"ఇక్కడెవరైనా పడి ఉన్నారాండీ?" నిదానం బండి దిగకుండానే అడిగాడు.

"ఎవరూ పడలేదు. చక్రాల కింద నేనే వెతికాను," అన్నాడు ఆ మనిషి మండిపడుతూ. "ఎవడో హోల్డాన్ అని అరిచి, నేను దిగగానే రైట్ రైట్ అని నా బస్సే పట్టుకుపోయాడు!"

నిదానం మొహం వెలిగిపోయింది. "రెండుసార్లు అన్నాడా? రేకు మీద దెబ్బలు కూడా వేశాడా?"

"వేశాడు!"

"మావాడే! బతికే ఉన్నాడు! ఎక్కండి ఎక్కండి!"

ఎక్కి, "రైట్" అన్నాడు ఆ కండక్టరు. ఎంతైనా వృత్తిలో ఉన్నవాడు, పూర్తిగా కూచున్నాకే అన్నాడు. ఇద్దరూ బస్సు వెంటపడ్డారు.

ఆ బస్సు చివరికి ఆగింది ఎక్కడయ్యా అంటే, పొద్దున వీళ్ళు బయల్దేరిన ఊరి బస్టాండులో. రోడ్డుకి అవతల లాడ్జి. వాకిట్లో నిలబడి పేపరు చదువుతున్న లాడ్జి గుమాస్తా వీళ్ళని చూసి, "మళ్ళీ గది కావాలా సార్?" అని మర్యాదగా అడిగాడు. టైము తొమ్మిదిన్నర. మళ్ళీ మొత్తం నూట ఎనభై కిలోమీటర్లు.

అంతటితో పోలేదు. బస్టాండు అధికారి ఇద్దర్నీ గదిలోకి పిలిపించాడు. "మీది కాని బస్సుకి ఏ అధికారంతో రైట్ అన్నారు?" అని అడిగి, సంజాయిషీ రాసిమ్మన్నాడు. హడావిడి తొందర కొద్దీ నాలుగు ముక్కల్లో రాసిచ్చాడు. చాలదన్నాడు. వివరంగా మూడు పేజీలు రాశాడు. కాగితం అంచున ఖాళీ వదల్లేదన్నాడు. అంచు వదిలి మళ్ళీ రాస్తుంటే ఫోను మోగింది.

"నాన్నా, ఎక్కడిదాకా వచ్చారు?"

హడావిడి కిటికీలోంచి లాడ్జి బోర్డు చూశాడు. "చాలా దూరం తిరిగామమ్మా," అన్నాడు. అబద్ధం ఆడలేదు.

సంజాయిషీ పచ్చ బస్సు కండక్టరు కూడా చదివి, తన గురించి 'లావుపాటి' అన్న మాట కొట్టేయించాక, పన్నెండు దాటాక వదిలిపెట్టారు. బండి దగ్గరికి రాగానే నిదానం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్, చేరేదాకా ఆ మాట నీ నోట రాకూడదు. అవుననడానికీ వద్దు, పోవడానికీ వద్దు. అసలు నోరే తెరవకు. పోవాలంటే భుజం తట్టు."

హడావిడి నోరు తెరవబోయి, మూసి, తలూపాడు. ఆ తలూపడం నిదానానికి కనిపించదు గనక భుజం తట్టాడు.

టీ స్టేజి లేదు, టిఫిను స్టేజి లేదు. పెట్రోలు ఒక్కటీ తప్పలేదు. ఎండకి హెల్మెట్లలో తలలు ఉడికిపోయాయి. నాలుగున్నరకి మళ్ళీ ఫోను.

"నాన్నా, ఐదూ పది దాకానే చూస్తారట. కదపకపోతే ఈ బండి వేరే డ్రైవరుకి ఇచ్చేస్తారట. పక్కనే ఒకాయన సంచితో సహా సిద్ధంగా ఉన్నాడు."

"నా కోసం ఆగకమ్మా! నువ్వు పో! నేను తర్వాతెప్పుడైనా చెప్తాలే," అన్నాడు హడావిడి.

"మొదటిసారి మళ్ళీ రాదుగా నాన్నా. నువ్వు చెప్పందే కదపనన్నాను, కదపను," అని పెట్టేసింది.

"మొండి ఘటం! ఎవరి పోలికో!" అని హడావిడి పొంగే దుఃఖాన్నంతా కోపం చేసుకుని నిదానం భుజం తట్టాడు. తట్టడం కాదు, బాదాడు. నిదానం జీవితంలో ఎన్నడూ పోని వేగంతో పోయాడు. "ఆ పిల్లకి మొండితనం నేర్పింది నేను కాదు, క్లచ్ ఒక్కటే నేర్పాను," అని మాత్రం ఒకసారి గాల్లోకి అన్నాడు.

ఐదూ ఎనిమిదికి డిపో గేటు దాటారు. బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. లోపల జనం గొణుగుతున్నారు. అధికారి చేతి గడియారం చూస్తున్నాడు, సంచి ఆయన మెట్టు దాకా వచ్చేశాడు. డ్రైవరు సీట్లో అమ్మాయి స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, అటూ ఇటూ చూడకుండా కూచుంది. నిదానం బస్సుకి సరిగ్గా ముందు, గేటు వైపు తిప్పి, బండి నిలబెట్టాడు. నగరం కొత్త, పిల్ల కొత్త, తను ముందు దారి తీస్తే ధైర్యంగా ఉంటుందని అతని ఆలోచన.

హడావిడి దూకి వెనక తలుపు దగ్గరికి పరిగెత్తాడు. మెట్టు మీద కాలు పెట్టాడు, రేకు మీద చెయ్యి వేశాడు, నోరు తెరిచాడు.

మాట రాలేదు.

పొద్దుట్నుంచీ దారిన పోయే ప్రతి బండికీ చెప్పిన మాట, లక్షసార్లు చెప్పిన మాట, ఇప్పుడు గొంతులో అడ్డం పడి కూచుంది. చిన్నప్పుడు కిటికీ గట్టు మీద కూచుని పళ్ళెం స్టీరింగు తిప్పుతూ, "నాన్నా, రైట్ అను, బండి కదలట్లేదు," అని ఏడ్చిన పిల్ల అతని కళ్ళముందు కదిలింది. ఐదూ తొమ్మిది. అధికారి నోట్లో ఈల పెట్టుకున్నాడు.

ముందు నుంచి నిదానం, తల తిప్పకుండానే, ఎలుగెత్తి అరిచాడు. "ఒరేయ్! ఈ ఒక్కసారికీ ఒప్పందం రద్దు! అనరా!"

"రైట్!" అన్నాడు హడావిడి. డిపో దద్దరిల్లింది. ధన్ ధన్ మని రెండు దెబ్బలు. "రైట్ రైట్!"

బస్సు కదిలింది. ఎక్కడా కుదుపు లేదు. పెడలు కింద నిజంగా గుడ్డుంటే అది చెక్కుచెదరకుండా ఉండేది. అమ్మాయి వెనక్కి చూడలేదు. మామయ్య నేర్పినట్టే రోడ్డు చూసింది. హడావిడి మెట్టు మీదే కూలబడి, సంచిలో మొహం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెట్టె కుయ్యిమంది. ఎవరూ కార్డు చూపించలేదు, దానికదే అంది.

బస్సుతో పాటు ఇంకోటి కూడా కదిలింది. నిదానానికి సందేహమే రాలేదు. పొద్దున జరిగింది పొరపాటు, నియమం నియమమే. రైట్ అన్నాడంటే ఎక్కాల్సినవాడు ఎక్కినట్టే. గేటు దాటాక బస్సు ఎడమకి తిరిగింది. నిదానం దానికి దారి చూపిస్తూ తిన్నగా పోయాడు.

"విన్నావురా, క్లచ్ ఎంత మెత్తగా వదిలిందో! నీ కూతురని కాదు గానీ, అంత మెత్తగా నేనూ వదల్లేను," అన్నాడు గర్వంగా.

వెనక నుంచి జవాబు లేదు. అలక కాదని ఈసారి నిదానానికి తెలుసు. ఏడుస్తున్నాడు కాబోలు, పాపం, అనుకుని కదిలించకుండా నెమ్మదిగా, నలభై మీద పోనిచ్చాడు.

అతను సరిగ్గానే ఊహించాడు. కాకపోతే ఆ ఏడుపు అప్పటికి ఆరు కిలోమీటర్ల అవతల, రెండు ఫోన్లతో సహా, బస్సు మెట్టు మీద జరుగుతోంది.